కార్బ్యురేటర్ పోయింది, పెట్రోలు ఎంత మిగిలింది?

భారత్ స్టేజ్-6 కాలుష్య ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1న దేశమంతటా ఒకేసారి అమలులోకి రావడంతో, శతాబ్దానికి పైగా పెట్రోలు ఇంజన్లకు ఆయువుపట్టుగా నిలిచిన కార్బ్యురేటర్ కొత్త వాహనాల నుంచి దాదాపుగా నిష్క్రమించింది. దాని స్థానాన్ని ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. ఈ మార్పు వల్ల వాహనాల ధరలు పెరిగాయి. పెరిగిన ధర పెట్రోలు పొదుపు రూపంలో తిరిగి చేతికి వస్తుందన్న ఆశ సామాన్య వినియోగదారునిలో కలిగింది. ఈ ఆశ ఎంతవరకు నిజం?

ఈ ప్రశ్నకు సమాధానం మన వీధుల్లో తిరిగే మోటారు సైకిళ్ల కంటే రోటరీ ఇంజను చరిత్రలో స్పష్టంగా లభిస్తుంది. పెట్రోలును మితిమీరి తాగుతుందన్న అపఖ్యాతి మూటగట్టుకున్న ఈ ఇంజనుకు గత ఐదు దశాబ్దాల్లో కార్బ్యురేటర్‌నూ అమర్చి చూశారు, ఇంజెక్షన్‌నూ అమర్చి చూశారు. తేలిందేమంటే, పెట్రోలును కొలిచి అందించడంలో జరిగే దుబారాను మాత్రమే ఇంజెక్షన్ అరికట్టగలదు. ఇంజను నిర్మాణంలోనే ఉన్న నష్టాన్ని అది పూడ్చలేదు. ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా వినియోగంలోకి వచ్చిన నేపథ్యంలో ఈ తేడా ప్రతి వాహనదారుని జేబుకు సంబంధించిన విషయంగా మారింది.

రెండు పద్ధతులు

కార్బ్యురేటర్ పనితీరు సరళమైనది. ఇంజను పీల్చుకునే గాలి ఒక ఇరుకైన గొంతు గుండా వేగంగా ప్రవహించినప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల వల్ల ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు సన్నని జెట్ ద్వారా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. జెట్ రంధ్రం పరిమాణం స్థిరంగా ఉంటుంది. కనుక నెమ్మదిగా వెళ్లేటప్పుడు, వేగంగా వెళ్లేటప్పుడు, చలిలో, ఎండలో అన్ని సందర్భాలకూ సరిపోయేలా ఏదో ఒక రాజీ కుదుర్చుకోక తప్పదు. ఇంజను తడబడకుండా ఉండేందుకు ఈ రాజీలో పెట్రోలు పాలు కొంత ఎక్కువగానే ఉంచడం ఆనవాయితీ.

ఇంజెక్షన్ పద్ధతిలో ఈ పనిని ఒక చిన్న కంప్యూటర్ నిర్వహిస్తుంది. ఇంజను వేగం, లోనికి వచ్చే గాలి పరిమాణం, ఉష్ణోగ్రతలను సెన్సార్లు ఎప్పటికప్పుడు తెలియజేస్తాయి. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. సైలెన్సరు గొట్టంలో అమర్చిన ఆక్సిజన్ సెన్సార్ మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో తెలుపుతుంది. దానిని బట్టి మరుక్షణంలోనే దిద్దుబాటు జరుగుతుంది. వాలులో యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు పెట్రోలును పూర్తిగా ఆపివేసే వెసులుబాటు కూడా ఉంది. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1967లో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను కార్లకు అందించగా, ఆక్సిజన్ సెన్సార్‌ను ఆ తర్వాత 1970 దశకంలో వోల్వో కార్లలో తొలిసారిగా ప్రవేశపెట్టారు.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి అవసరం. ఈ నిష్పత్తికి ఎంత దగ్గరగా నిలకడగా నడిస్తే అంత మేలు. ఇంజెక్షన్ ఆ నిలకడను ఇస్తుంది, కార్బ్యురేటర్ ఇవ్వలేదు. పొదుపులో రెండింటికీ గల వ్యత్యాసం స్థూలంగా ఇంతే.

మూడు మూలల ఇంజను

మామూలు ఇంజనులో పిస్టన్ కిందకూ పైకీ కదులుతుంది. జర్మన్ ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్ రూపకల్పన చేసిన రోటరీ ఇంజనులో పిస్టన్ ఉండదు. మూడు మూలలు గల రోటర్ నడుము నొక్కిన గుడ్డు ఆకారపు గదిలో గుండ్రంగా తిరుగుతుంది. గాలి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం అనే నాలుగు పనులూ రోటర్ మూడు పక్కలా ఏకకాలంలో సాగిపోతుంటాయి. కదిలే భాగాలు తక్కువ, బరువు తక్కువ, అదురు దాదాపు లేదు. ఎన్ఎస్‌యూ సంస్థలో ఈ ఇంజను తొలి నమూనా 1957లో నడిచింది. 1964లో ఎన్ఎస్‌యూ స్పైడర్, 1967లో జపాన్‌కు చెందిన మాజ్దా సంస్థ కాస్మో స్పోర్ట్ కారు దీనితోనే మార్కెట్‌లోకి వచ్చాయి.

అయితే ఇందులో మూడు లోపాలు నిర్మాణంలోనే ఉన్నాయి. మొదటిది, మంట మండే గది పొడవుగా, పలుచగా ఉండి రోటర్‌తో పాటు కదిలిపోతుంటుంది. గోడల విస్తీర్ణం ఎక్కువ కావడం వల్ల వేడి లోహంలోకి పోతుంది. వెనుక మూలకు మంట చేరేలోగానే చల్లారి, కొంత పెట్రోలు మండకుండానే బయటకు వెళుతుంది. రెండవది, రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీల్స్ పిస్టన్ రింగుల వలె బిగువుగా గాలిని ఆపలేవు. మూడవది, ఈ సీల్స్ అరిగిపోకుండా ఇంజను ఆయిల్‌ను కొద్దికొద్దిగా లోనికి పంపాలి. ఆ ఆయిల్ కూడా పెట్రోలుతో పాటు కాలిపోతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ కార్బ్యురేటర్‌తో సంబంధం లేదన్నది గమనార్హం.

మాజ్దా అనుభవం

1973 చమురు సంక్షోభం ఈ లోపాలను బహిర్గతం చేసింది. పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన అమెరికన్లు నగరంలో గ్యాలనుకు 10, 11 మైళ్లు మాత్రమే ఇచ్చే మాజ్దా రోటరీ కార్లకు ముఖం చాటేశారు. అంటే లీటరుకు ఐదు కిలోమీటర్లకు లోపే. సొంత రోటరీ ఇంజనును సిద్ధం చేసుకుంటున్న జనరల్ మోటార్స్ సంస్థ 1974లో ఆ ప్రయత్నాన్ని పక్కన పెట్టింది. మాజ్దా మాత్రం వెనుకంజ వేయక, ఇంధన పొదుపును 40 శాతం మెరుగుపరచాలన్న లక్ష్యంతో ఒక ప్రత్యేక కార్యక్రమాన్ని చేపట్టి సఫలమైంది.

ఆ కృషి ఫలితంగా 1978లో వెలువడిన ఆర్ఎక్స్-7 కారులో కార్బ్యురేటరే ఉంది. ఆనాటి రోటరీ కార్లలో మండని పెట్రోలును సైలెన్సరుకు ముందే కాల్చివేసేందుకు థర్మల్ రియాక్టర్ అనే ఉపకరణం ఉండేది. అది వేడిగా ఉండాలంటే మిశ్రమంలో పెట్రోలు కావాలనే ఎక్కువ పంపాలి. అంటే కాలుష్య నివారణకు పెట్రోలును బలిపెట్టారన్నమాట. అమెరికాలో అమ్మే ఆర్ఎక్స్-7లో 1981 నాటికి ఈ ఉపకరణం స్థానంలో క్యాటలిటిక్ కన్వర్టర్‌ను అమర్చడంతో మిశ్రమాన్ని పలుచన చేయడం సాధ్యమైంది. కార్బ్యురేటర్ అలాగే ఉన్నా మైలేజి పెరిగింది. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ గల 1308 సీసీ ఇంజను అమెరికాలోని ఆర్ఎక్స్-7కు 1984లో గానీ రాలేదు. అది వచ్చేసరికి ఇంజను పరిమాణం, శక్తి కూడా పెరిగాయి. ఫలితంగా ఇంజెక్షన్ లాభంలో కొంత భాగాన్ని అదనపు శక్తే మింగివేసింది.

ఆ తర్వాతి అధ్యాయం మరింత స్పష్టం. 2003లో వచ్చిన ఆర్ఎక్స్-8లో పొగ వెలువడే ద్వారాన్ని పక్క గోడకు మార్చారు. దీంతో లోనికి వచ్చే దారి, బయటకు వెళ్లే దారి ఏకకాలంలో తెరుచుకోవడం ఆగింది. పొదుపు మెరుగుపడినా పిస్టన్ ఇంజన్ల స్థాయిని అందుకోలేదు. యూరప్‌లో యూరో-5 ప్రమాణాలు అడ్డు రావడంతో అక్కడ 2010లోనే అమ్మకాలు నిలిచాయి. 2012లో ఉత్పత్తి సైతం ముగిసింది. 2023లో మాజ్దా రోటరీని మళ్లీ తెచ్చినప్పుడు 830 సీసీ గల ఒంటి రోటర్ ఇంజనుకు పెట్రోలును నేరుగా మంట గదిలోకి చిమ్మే ఇంజెక్షన్ అమర్చింది. కానీ ఆ ఇంజను చక్రాలను తిప్పదు. విద్యుత్ కారులో జనరేటరును మాత్రమే నడుపుతుంది. రోటరీకి అనుకూలమైన వేగాల్లోనే దానిని నడపాలన్నదే ఇందులోని ఆంతర్యం. అత్యుత్తమ ఇంజెక్షన్ సైతం ఒంటరిగా సరిపోదని తయారీదారులే అంగీకరించినట్లయింది.

మార్పులు చేసిన ఇంజన్లు

పందేల కోసం, సరదా కోసం రోటరీ ఇంజన్లకు మార్పులు చేసేవారు జపాన్, ఆస్ట్రేలియా, అమెరికాలలో కొల్లలు. గాలి ద్వారాలను పెద్దవి చేసి శక్తిని పెంచడం వీరి మొదటి పని. దీనివల్ల గరిష్ట వేగం వద్ద శక్తి పెరుగుతుంది గానీ, తక్కువ వేగంలో లోనికి వచ్చిన మిశ్రమం మండకుండానే పొగ ద్వారం గుండా జారిపోతుంది. ఇటువంటి ఇంజనుకు పెద్ద కార్బ్యురేటర్ బిగించడం చౌక, సులభం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు దాని ఫలితం ఇంజెక్షన్‌కు పెద్దగా తీసిపోదు. పందెంలో యాక్సిలరేటర్ ఎక్కువసేపు పూర్తిగా తొక్కే ఉంటుంది కనుక అక్కడ తేడా కనిపించదు.

తేడా కనిపించేది రహదారిపై ఒకే వేగంతో నిలకడగా వెళ్లేటప్పుడు. అప్పుడు అవసరమైన శక్తి స్వల్పం. ఇంజెక్షన్ మిశ్రమాన్ని సరిగ్గా ఆ మేరకే కుదించగలదు. కార్బ్యురేటర్ జెట్లు అంత సూక్ష్మంగా మారలేవు. అయితే ద్వారాలు పెద్దవి చేసిన రోటరీలో ఇంజను ఊరక తిరుగుతున్నప్పుడు మండని గాలి నేరుగా సైలెన్సరులోకి వస్తుంది. ఆక్సిజన్ సెన్సార్ దానిని చూసి పెట్రోలు తక్కువైందని పొరపాటు పడి మరింత పంపమంటుంది. అంటే చెడిన నిర్మాణం సెన్సార్‌ను కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఇంజను మారకుండా పరికరం మారితే ఒరిగేది పరిమితమేననడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

కోలార్ గగనంలో

రోటరీ ఇంజను మన దేశానికి పూర్తిగా కొత్త కాదు. బెంగళూరులోని జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాల, విమానయాన అభివృద్ధి సంస్థ, అహ్మద్‌నగర్‌లోని వాహన పరిశోధన, అభివృద్ధి సంస్థ కలిసి వాంకెల్ తరహా ఇంజనును స్వదేశంలో రూపొందించాయి. 2009లో ఆంధ్ర సరిహద్దుకు చేరువనున్న కర్ణాటకలోని కోలార్ వద్ద 'నిశాంత్' మానవరహిత విమానం ఆ ఇంజనుతో తొలిసారి ఎగిరి, సుమారు 40 నిమిషాల అనంతరం సురక్షితంగా దిగింది. ఇంజను బరువు దాదాపు 30 కిలోలు మాత్రమే.

పెట్రోలు ఎక్కువ తాగే ఇంజనును ఆకాశానికి ఎందుకు ఎంచుకున్నారన్న సందేహం సహజం. విమానం మోయవలసింది ఇంజను బరువునూ పెట్రోలు బరువునూ కలిపి. ప్రయాణం కొద్ది గంటలే అయితే ఇంజనులో ఆదా అయిన బరువు అదనపు పెట్రోలు బరువును మించిపోతుంది. ప్రయాణ సమయం పెరిగేకొద్దీ లెక్క తిరగబడుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలుచబడుతుంది. సాధారణ కార్బ్యురేటర్ దీనిని పూర్తిగా పసిగట్టలేక అవసరానికి మించి పెట్రోలు కలుపుతుంది. విశాఖపట్నం నుంచి అరకు ఘాట్ ఎక్కే పాత మోటారు సైకిల్‌కు ఎదురయ్యేది కూడా ఈ సమస్యే. పొదుపు అనేది పరికరానికి గల గుణం కాదు. పరికరం, ఇంజను, ప్రయాణం మూడూ కుదిరినప్పుడు లభించే ఫలితం.

రెండు పట్టణాలు, రెండు తేదీలు

మన దేశంలో ఇంజెక్షన్‌ను తెచ్చింది పొదుపు కాదు, కాలుష్యం. దేశ రాజధాని ప్రాంతంలో 1999 జూన్ 1 నుంచి యూరో-1, 2000 ఏప్రిల్ 1 నుంచి యూరో-2 ప్రమాణాలు గల కార్లనే రిజిస్టర్ చేయాలని సుప్రీంకోర్టు 1999 ఏప్రిల్ 29న ఆదేశించింది. ఆ దరిమిలా మారుతి-800 వంటి చిన్న కారుకు సైతం ఇంజెక్షన్ అమరింది. భారత్ స్టేజ్-2 ప్రమాణాలు 2003 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 11 నగరాలకు విస్తరించాయి. మిగతా దేశానికి అవి 2005లో వచ్చాయి. స్టేజ్-3 హైదరాబాద్‌కు 2005లో రాగా ఇతర ప్రాంతాలకు 2010లో వచ్చింది.

ఈ అంతరం ఎవరిపై పడిందో చూడాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వంటి పట్టణాలను గమనించాలి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రంగా ఉన్న ఈ పట్టణంలో రైల్వే ఉద్యోగాల నిమిత్తం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. బిలాస్‌పూర్ ఆ 11 నగరాల జాబితాలో లేదు. అందుచేత హైదరాబాద్‌లో నిషిద్ధమైన పాత ప్రమాణపు కారును ఇక్కడి కుదుదండ్ నివాసి మరికొన్నేళ్లు కొత్తగా కొనుగోలు చేసేందుకు వీలు మిగిలింది. పాత పరిజ్ఞానం చిన్న పట్టణాల్లో ఎక్కువ కాలం నిలవడం ప్రజల ఇష్టం వల్లనే కాదు, ప్రభుత్వం నిర్ణయించిన తేదీల వల్ల కూడా జరిగింది.

ద్విచక్ర వాహనాల విషయంలో ధరే నిర్ణాయకమైంది. హీరో హోండా 2006లో గ్లామర్ మోటారు సైకిల్‌ను ఇంజెక్షన్‌తో విడుదల చేసినా, కార్బ్యురేటర్ గల గ్లామర్‌నూ పక్కనే అమ్మింది. బజాజ్ సంస్థ 2007లో పల్సర్-220కి ఇంజెక్షన్ అమర్చి, 2009లో ధర తగ్గించి తిరిగి కార్బ్యురేటర్‌కే మళ్లింది. విపణి తనంతట తాను ఇంజెక్షన్‌ను కోరుకోలేదు. 2020 ఏప్రిల్ 1 తర్వాత స్టేజ్-4 వాహనాల అమ్మకం కుదరదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో తేల్చి చెప్పిన పిమ్మట మార్పు అనివార్యమైంది. అప్పుడు కూడా బజాజ్ కొన్ని నమూనాల్లో ఎలక్ట్రానిక్ నియంత్రణ గల కార్బ్యురేటర్‌ను కొనసాగించింది.

ఇథనాల్ పరీక్ష

ఇప్పుడు ఈ చర్చకు మరో కోణం తోడైంది. ముడి చమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతులపై ఆధారపడిన దేశానికి ఇథనాల్ మిశ్రమం విదేశీ మారకద్రవ్యాన్ని ఆదా చేసే మార్గం. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా 9 రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైన ఈ పథకం 2022 జూన్‌లో 10 శాతానికి చేరింది. 2030 నాటికి సాధించాలనుకున్న 20 శాతం లక్ష్యాన్ని ప్రభుత్వం 2025కు ముందుకు జరిపి, ఆ ఏడాదే చేరుకుంది.

ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోలులో ఉండే దానిలో మూడింట రెండు వంతులే. కనుక 20 శాతం మిశ్రమంలో శుద్ధ పెట్రోలు కంటే శక్తి 6, 7 శాతం తక్కువ. ఈ లోటును ఏ ఇంజెక్షనూ భర్తీ చేయలేదు. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక శుద్ధ పెట్రోలుకు రూపొంది 10 శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో మైలేజి 6 నుంచి 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. 10 శాతానికి రూపొంది 20 శాతానికి సర్దిన కార్లలో తగ్గుదల 1 నుంచి 2 శాతమే.

మైలేజి తగ్గుదల ఒక ఎత్తు కాగా, ఇంజను ఆరోగ్యం మరో ఎత్తు. కిలో ఇథనాల్ మండడానికి 9 కిలోల గాలి చాలు. కాబట్టి 20 శాతం మిశ్రమానికి అవసరమయ్యే గాలి కిలోకు సుమారు 13.5 కిలోలకు తగ్గుతుంది. వేరే మాటల్లో, అదే గాలికి ఇంధనం కొంత ఎక్కువ పంపాలి. ఆక్సిజన్ సెన్సార్ గల ఇంజెక్షన్ ఈ తేడాను గుర్తించి సర్దుబాటు చేసుకుంటుంది. కార్బ్యురేటర్ జెట్‌కు తన గుండా వెళ్లేది పెట్రోలో ఇథనాలో తెలియదు. మిశ్రమం పలుచబడి ఇంజను వేడెక్కవచ్చు, చలిలో మొరాయించవచ్చు. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు దెబ్బతినే అవకాశం దీనికి అదనం. ఇక్కడ ఇంజెక్షన్ ప్రయోజనం పొదుపు కంటే ఇంధనం మారినప్పుడు తట్టుకునే శక్తి అని చెప్పడం సబబు.

ఎవరి ఖర్చు?

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. నెలకు 750 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగి వాహనం లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తే నెలకు 15 లీటర్లు కావాలి. హైదరాబాద్‌లో 2021 జూన్‌లోనే లీటరు 100 రూపాయలు దాటినందున సౌలభ్యం కోసం 100 రూపాయలే అనుకుందాం. ఇంజెక్షన్ వల్ల 10 శాతం ఆదా అయిందనుకుంటే నెలకు 150, ఏడాదికి 1,800 రూపాయలు మిగులుతాయి. వాహనం ధర 7,000 రూపాయలు అధికమైతే ఆ మొత్తం తిరిగి రావడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది. రోజూ ఎక్కువ దూరం తిరిగేవారికి లాభం త్వరగా, తక్కువ తిరిగేవారికి ఆలస్యంగా వస్తుంది. మరోవంక ఇథనాల్ వల్ల మైలేజి 4 శాతం తగ్గితే అదే ఉద్యోగికి ఏడాదికి 700 రూపాయలకు పైగా అదనపు భారం. అంటే ఇంజెక్షన్ ఇచ్చిన దానిలో మూడవ వంతుకు మించి మిశ్రమం తీసుకుపోతుంది. కార్బ్యురేటర్ వాహనదారునికి మొదటి లాభం లేదు, రెండవ నష్టం మాత్రం ఉంది.

ఇథనాల్ లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తోసిపుచ్చింది. కనుక బంకు వద్ద ఎంపిక చేసుకునే అవకాశం సామాన్యునికి కరవైంది. చెరకు, ధాన్యం పండించే రైతుకు ఇథనాల్ వల్ల మేలు జరుగుతుందన్న వాదనను కాదనలేం. అయితే ఆ మేలుకు అయ్యే మూల్యాన్ని కొత్త వాహనం కొనలేని వర్గం ఎక్కువ పాలు భరించవలసి రావడం న్యాయమా అన్నది ప్రశ్న.

పాత వాహనాలకు తగిన జెట్లు, ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు సరసమైన ధరకు చిన్న పట్టణాల్లో సైతం లభించేలా తయారీదారులను ఒప్పించడం ప్రభుత్వానికి అసాధ్యం కాదు. బంకుల్లో మిశ్రమం శాతాన్ని స్పష్టంగా ప్రదర్శించడం, స్క్రూ తిప్పి మిశ్రమం సరిచేసే విద్యలో ఆరితేరిన మెకానిక్‌లకు సెన్సార్ల పరీక్షలో శిక్షణ ఇవ్వడం కూడా పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఇంజెక్షన్ పేరుతో అధిక ధర చెల్లించే కొనుగోలుదారు సైతం ప్రకటనల్లోని మైలేజి కంటే తన ప్రయాణ దూరాన్ని లెక్కించుకోవడం ఉత్తమం. లోపం ఎక్కడ ఉందో అక్కడే సరిదిద్దిన ప్రతిసారీ రోటరీ ఇంజను కొంత పొదుపు సాధించింది. మన ఇంధన విధానానికి కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. కొత్త వాహనం కొన్నవారి సంగతి కంప్యూటర్ చూసుకుంటుంది. పాత వాహనంపై నెట్టుకొస్తున్న వారి సంగతి మాత్రం ప్రభుత్వమే చూడవలసి ఉంది.